బరువు తగ్గేటప్పుడు ఏది మేలు: ప్రొటీన్ పెంచడమా, బరువులెత్తడమా?

బరువు తగ్గాలంటే తిండి తగ్గాలి. ఇందులో ఎవరికీ పేచీ లేదు. తిండి తగ్గించాక రెండో అడుగు ఏమిటన్న దగ్గరే సలహాలు రెండుగా చీలిపోతాయి. ప్రొటీన్ పెంచు, మిగతాది అదే సర్దుకుంటుందని కొందరంటారు. బరువులెత్తనిదే లాభం లేదని ఇంకొందరంటారు. రెండూ కలిపి చేయగలిగితే అంతకంటే కావలసింది లేదు. కానీ అందరికీ అంత తీరిక, ఓపిక ఉండవు. అలాంటివాళ్లు ముందు దేన్ని పట్టుకోవాలి?

జవాబు తేలాలంటే ఎన్ని కిలోలు తగ్గామన్నది కాసేపు పక్కన పెట్టి, తగ్గిన కిలోల్లో ఏముందో చూడాలి. వ్యాయామం ఊసు లేకుండా తిండి ఒక్కటే తగ్గించి నాలుగు కిలోలు తగ్గినవాళ్లలో, స్థూలంగా మూడు కిలోలు కొవ్వు పోతుంది. మిగతా కిలోలో నీటితో పాటు కండ కూడా ఉంటుంది. మనం తిన్న చక్కెరలో పెద్ద వాటాను రక్తంలోంచి లాక్కుని వాడుకునేది కండే. మెట్లెక్కినా, నేల మీంచి లేచినా ఆ బలం దానిదే. పైగా తగ్గిన బరువు మళ్లీ పెరిగితే ముందుగా, ఎక్కువగా చేరేది కొవ్వే. అందుకే, ఏది కండను ఎక్కువగా కాపాడుతుందో దానికే నా ఓటు.

ముందు ప్రొటీన్ సంగతి. దాని అసలు బలం ఆకలిని అణచడంలో ఉంది. 2005లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 19 మందికి ఆహారంలో ప్రొటీన్ వాటాను 15 శాతం నుంచి 30 శాతానికి పెంచి, ఆపైన కడుపుకు ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఎవరూ తగ్గించమని చెప్పకపోయినా రోజుకు సగటున 441 క్యాలరీలు తక్కువ తిన్నారు. 12 వారాల్లో దాదాపు 5 కిలోలు తగ్గారు. అర్ధాకలితో పడుకునే అవస్థ లేకుండా బరువు తగ్గడం చిన్న విషయం కాదు. డైటింగ్ మధ్యలో వదిలేసేవాళ్లను ఓడించేది చాలాసార్లు ఆకలే.

అరుగుదలకే క్యాలరీలు ఖర్చవుతాయన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. నిజమే. ప్రొటీన్ నుంచి వచ్చే ప్రతి 100 క్యాలరీల్లో 20 నుంచి 30 దాన్ని అరిగించుకోవడానికే పోతాయి. పిండిపదార్థాలకు ఇది 5 నుంచి 10, కొవ్వులకు 3 లోపే. అయితే లెక్క వేసి చూడండి: రోజూ తినే పిండిపదార్థాల్లో 50 గ్రాములు తీసేసి అంతే ప్రొటీన్ తింటే, ఈ లెక్కన మిగిలేది 30, 40 క్యాలరీలు. దాని మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

ఇక ప్రొటీన్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుంది? 2009లో 811 మంది మీద రెండేళ్లు సాగిన పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. 25 శాతం ప్రొటీన్ లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లు, 15 శాతం వాళ్లు, ఇద్దరూ ఇంచుమించు ఒకేలా తగ్గారు. ఆ లక్ష్యాన్ని చాలామంది చివరిదాకా నిలబెట్టుకోలేకపోయారు కూడా. 2012లో 24 ప్రయోగాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ ఇంకాస్త ఆశ ఇచ్చింది. అంతే క్యాలరీలతో, కొవ్వు తక్కువగా ఉన్న ఆహారంలోనే ప్రొటీన్ పెంచినవాళ్లు మామూలుగా తిన్నవాళ్లకంటే సగటున 0.87 కిలోల కొవ్వు అదనంగా పోగొట్టుకున్నారు, కొవ్వు కాని బరువును 0.43 కిలోల మేర కాపాడుకున్నారు. లాభమే, కానీ కాపాడుకున్నది అర కిలో కూడా లేదు.

ఇప్పుడు రెండోవైపు. 2017లో వచ్చిన ఒక పరిశోధనను నేను ఎందరికో చెబుతూ ఉంటాను. 65 ఏళ్లు, ఆపైబడిన 160 మంది ఊబకాయుల్లో కొందరికి డైటింగ్‌తో పాటు నడకలాంటి ఏరోబిక్ వ్యాయామం, కొందరికి బరువులెత్తడం, ఇంకొందరికి రెండూ ఇచ్చారు. ఆరు నెలలకు మూడు జట్ల బరువూ 9 శాతం చొప్పున తగ్గింది. తూకం యంత్రం మీద చూస్తే ముగ్గురూ ఒకటే. ఒంట్లో చూస్తే కాదు: ఏరోబిక్ వాళ్లలో కొవ్వు కాని బరువు 5 శాతం పోయింది, బరువులెత్తినవాళ్లలో 2 శాతమే. రెండూ చేసినవాళ్లలో 3 శాతం పోయినా, లేవడం, నడవడం, మెట్లెక్కడం లాంటి పనుల్లో అందరికంటే బాగుపడింది వాళ్లే. నడక గుండెకు చాలా మంచిది, మానమని నేను అనను. కానీ డైటింగ్ చేస్తూ నడకతోనే సరిపెట్టుకుంటే కండకు భరోసా చాలదు.

బరువులెత్తడంలోనూ లోటుంది. తిండి తగ్గించకుండా అదొక్కటే చేస్తే బరువు పెద్దగా తగ్గదు. ‘కండ పెరిగితే కూర్చున్నచోటే క్యాలరీలు కరిగిపోతాయి’ అన్నది మరీ పెంచి చెప్పే మాట. కిలో కండ విశ్రాంతిలో రోజుకు ఖర్చు చేసేది సుమారు 13 క్యాలరీలు మాత్రమే.

నా తీర్పును తేల్చింది మాత్రం 2016 నాటి కెనడా ప్రయోగం. 40 మంది యువకులకు నాలుగు వారాల పాటు అవసరానికంటే 40 శాతం తక్కువ క్యాలరీలు ఇచ్చి, వారానికి ఆరు రోజులు బరువులెత్తడంతో కూడిన గట్టి వ్యాయామం చేయించారు. ఒక జట్టుకు కిలో శరీర బరువుకు 2.4 గ్రాముల ప్రొటీన్, ఇంకో జట్టుకు 1.2 గ్రాములు. ఎక్కువ తిన్నవాళ్లకు 4.8 కిలోల కొవ్వు పోయి, కొవ్వు కాని బరువు 1.2 కిలోలు పెరిగింది. అందరూ చెప్పుకునేది ఈ జట్టు గురించే. నన్ను ఆకట్టుకున్నది రెండో జట్టు. సగం ప్రొటీన్‌తో, అంత కటిక డైటింగ్‌లోనూ వాళ్లకు 3.5 కిలోల కొవ్వు పోయింది, కండ మాత్రం చెక్కుచెదరలేదు. నాలుగు వారాలు తక్కువే, వాళ్లు కుర్రవాళ్లు కూడా, ఒప్పుకుంటాను. అయినా కండను పట్టి ఉంచిన పని ఎక్కువగా వ్యాయామానిదేనని నాకు అనిపిస్తుంది.

కాబట్టి మామూలుగా ప్రొటీన్ అందుతున్నవాళ్లు ముందు బరువులెత్తడం మొదలుపెట్టాలి, తర్వాత ప్రొటీన్ పెంచుకోవాలి. పూట పూటా పిండిపదార్థాలతోనే కడుపు నింపుకునేవాళ్లకు వరస తిరగబడుతుంది. వాళ్లు ముందు పళ్లెం సరిచేసుకోవాలి, అది రేపటి నుంచే చేయగలిగే పని. అరవై దాటినవాళ్లు మాత్రం ఏదో ఒకటి అనుకోకుండా రెండూ చేయాలి.

ఎంత తినాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీస సురక్షిత మోతాదు కిలో బరువుకు 0.83 గ్రాములు. అంటే 70 కిలోల మనిషికి 58 గ్రాములు. డైటింగ్, వ్యాయామం రెండూ ఉంటే 1.2 నుంచి 1.6 గ్రాములు, అంటే 84 నుంచి 112 గ్రాములు సబబు. 49 ప్రయోగాలను కలిపి 2018లో చేసిన విశ్లేషణలో, సగటున 1.6 గ్రాములు దాటాక కండ పెరుగుదలకు అదనపు లాభం కనిపించలేదు. బరువు బాగా ఎక్కువున్నవాళ్లు చేరాలనుకున్న బరువును బట్టి లెక్క వేసుకోవడం మంచిది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు.

ఆహారమా, పౌడరా అంటే ఆహారమే. పెద్ద గుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల వండిన చికెన్ బ్రెస్ట్‌లో 30, అంతే ఉడికిన పప్పులో 9 గ్రాముల దాకా ఉంటాయి. 100 గ్రాముల వేరుశనగలో 25 గ్రాములున్నా వెంట 560 క్యాలరీలు వస్తాయి కాబట్టి డైటింగ్‌లో గుప్పెడుతో ఆగాలి. వే పౌడర్ పాలలోంచి తీసిన ప్రొటీనే, మాయ ఏమీ లేదు. శాకాహారంతో లెక్క కుదరనివాళ్లకు, వంటకు తీరిక లేనివాళ్లకు ఒక స్కూప్ 20 గ్రాముల పైన ఇస్తుంది.

వ్యాయామానికి జిమ్ తప్పనిసరి కాదు. వారానికి కనీసం రెండు రోజులు స్క్వాట్లు, పుషప్‌లు, ఒక బ్యాగులో బరువు వేసి ఎత్తడం చాలు. కాకపోతే అలవాటైన కొద్దీ బరువో, సంఖ్యో పెంచుతూ పోవాలి. నెలకోసారి నడుము కొలుచుకోండి, ఎన్ని పుషప్‌లు తీయగలుగుతున్నారో రాసి పెట్టుకోండి. నడుము తగ్గుతూ పుషప్‌లు తగ్గకపోతే, పోతున్నది ఎక్కువగా కొవ్వే అనుకోవచ్చు. రెండూ కలిసి పడిపోతుంటే తిండి మరీ ఎక్కువ కోసేశారేమో చూసుకుని రోజుకు రెండు మూడు వందల క్యాలరీలు తిరిగి కలపండి.