సైన్స్ ఫెయిర్ డ్యామ్ కిట్: చక్రం తిరుగుతుంది, లైటు ఎందుకు వెలగదు?

రాజమండ్రి, అమలాపురం పిల్లలు సైన్స్ ఫెయిర్‌కి కొనే జలవిద్యుత్ డ్యామ్ కిట్లలో ఇదొకటి. ట్రే, థర్మాకోల్ గోడ, గంటకు 240 లీటర్ల పంపు, రెక్కల చక్రం, ఆ చక్రం తిప్పితే కరెంటు పుట్టించే బొమ్మకారు మోటారు, నాలుగు తెల్ల ఎల్ఈడీలు, ఇసుక పొట్లం ఇస్తారు.

పెట్టె మీది బొమ్మలో నాలుగు లైట్లూ వెలుగుతుంటాయి. అది కుదరని పని. సెకనుకు 67 గ్రాముల నీరు 30 సెంటీమీటర్ల ఎత్తునుంచి పడితే వచ్చేది 0.2 వాట్. అందులో పదో వంతు కరెంటుగా మారినా గొప్పే. పైగా 240 లీటర్లనేది నీళ్లు పైకి ఎక్కించనప్పటి లెక్క. ఎత్తు పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. తెల్ల ఎల్ఈడీకి దాదాపు 3 వోల్టులు కావాలి, ఎర్రదానికి 2 చాలు. కాబట్టి ఎర్రది ఒక్కటే పెట్టండి. పంపు పక్కనపెట్టి, బకెట్‌ను మీటరు ఎత్తున ఉంచి పైపుతో నీళ్లు వదలండి. పాత ప్రింటర్‌లోని డీసీ మోటారు నెమ్మదిగా తిరిగినా వోల్టేజి ఇస్తుంది, బొమ్మకారుది ఇవ్వదు. అయినా వెలగకపోతే వైర్లు తారుమారు చేసి చూడండి.

రెండో లోపం, నీళ్లు గోడ అడుగున ఇసుకలోంచి ఊరిపోతాయి. గోడ కింద 5 సెంటీమీటర్ల లోతు గాడి తీసి బంకమట్టి కూరండి. పోలవరంలో డయాఫ్రం వాల్ (డ్యామ్ కింద నేలలోకి దింపే గోడ) చేసే పని ఇదే. 2020 వరదల్లో అది దెబ్బతింది, కొత్త గోడ పని 2025 జనవరిలో మొదలైంది. ఈ కిట్‌తో పిల్లలకు నేర్పదగిన గొప్ప పాఠం లైటుకన్నా ఈ ఊట ఆపడమే.

లోపలి పుస్తకంలో ధవళేశ్వరం బ్యారేజీ కరెంటు కోసమే కట్టారన్నట్టు రాశారు. అది పెద్ద తప్పు, చెరిపేయించండి. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ కట్టిన ఆనకట్ట నదిమట్టం లేపి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలవలకు నీరు మళ్లించడానికి. ఇప్పటి బ్యారేజీ 175 గేట్లతో చేసేదీ ఆ పనే. కరెంటు గురించి చెప్పాలంటే పోలవరం చూపండి: 80 మెగావాట్ల యూనిట్లు 12, మొత్తం 960. అక్కడ కప్లాన్ టర్బైన్లు, ఓడ ప్రొపెల్లర్ తరహావి. ఎత్తు తక్కువై ప్రవాహం ఎక్కువగా ఉన్నచోట అవే నప్పుతాయి. కిట్‌లోని రెక్కల చక్రం ఆ జాతిది కాదని పిల్లలకు చెప్పండి.

ఏడు, ఎనిమిది తరగతులవాళ్లకు, పక్కన పెద్దవాళ్లుంటే, కొనవచ్చు. థర్మాకోల్‌కి ఘాటైన వాసనొచ్చే రబ్బరు గమ్ము వాడొద్దు, కరిగిపోతుంది. తెల్ల ఫెవికాల్ రాసి రాత్రంతా ఆరనిచ్చి, నీళ్లు తగిలేచోట పైన మైనం పూయండి.