కడప నుంచి అండమాన్‌కు: టికెట్లలో దిట్ట, ప్రణాళికలో తడబాటు

కడపలో ఏడురోడ్ల కూడలికి దగ్గరలో ఉన్న ఒక ట్రావెల్ ఆఫీసు ద్వారా డిసెంబరులో మా కుటుంబం అండమాన్ వెళ్లి వచ్చింది. ఆ ఆఫీసు పేరు రాయడం లేదు. మన వైపు నుంచి అండమాన్ ప్యాకేజీ కొనాలనుకునేవారు ఏ పనిని నిశ్చింతగా ఆఫీసుకు వదిలేయవచ్చో, దేనిని పట్టుబట్టి మార్పించుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం. మేము మొదటే చెప్పిన కోరిక ఒక్కటే: షాపింగ్, వాటర్ స్కూటర్లు వద్దు, అడవి, పక్షులు, పగడపు దిబ్బలు చూడాలి. కౌంటర్లో ఉన్న అబ్బాయి ఎంతో మర్యాదగా విని రాసుకున్నాడు. మరుసటి రోజు వాట్సాప్‌లో వచ్చిన ప్లాన్ మాత్రం ఊళ్లో అందరికీ ఇచ్చేదే. పైన మా పేర్లు మారాయి, కింద హోటళ్లు మారాయి.

టికెట్ల పనిలో మాత్రం వారికి వంక పెట్టలేము. చెన్నై నుంచి ఓడలో వెళితే సుమారు మూడు రోజులు పడుతుంది కనుక పిల్లలతో, పెద్దలతో వెళ్లేవారికి విమానమే దారి. ఆ విమానం అందుకునేలా ముందు రోజే రేణిగుంట మీదుగా చెన్నై చేరే రైలు, అక్కడ రాత్రి బస, దిగిన చోట కారు, దీవుల మధ్య ఫెర్రీ సీట్లు అన్నీ ఒకదానికొకటి చక్కగా కుదిరాయి. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. హేవ్‌లాక్, నీల్ దీవులు 2018లోనే స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అయ్యాయి. కాగితాల మీద కొత్త పేర్లు, డ్రైవర్ల నోట పాత పేర్లు ఉంటాయి కాబట్టి ఓచర్లలో రెండూ అచ్చువేసి ఇచ్చారు. ఈ మూడు చోట్లకు భారతీయులకు ప్రత్యేక అనుమతి అక్కర్లేదని, గుర్తింపు కార్డులు మాత్రం వెంట ఉంచుకోవాలని ముందే చెప్పారు.

చిక్కు వచ్చింది వేళల దగ్గర. అండమాన్ దీవులు కడపకు దాదాపు 14 డిగ్రీల రేఖాంశం తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. అందువల్ల అక్కడ పొద్దు మనకంటే సుమారు గంట ముందే పొడుస్తుంది, గంట ముందే కుంకుతుంది. డిసెంబరులో సాయంత్రం ఐదు గంటల ప్రాంతానికే సూర్యాస్తమయం అయిపోతుంది. మాకు పంపిన ప్లాన్‌లో స్వరాజ్ ద్వీప్‌కు మధ్యాహ్నం ఫెర్రీలో చేరి, హోటల్లో దిగి, ఐదున్నరకు రాధానగర్ తీరంలో సూర్యాస్తమయం చూడాలని రాసి ఉంది. ఆ తీరం జెట్టీకి కూతవేటు దూరంలోనేమీ లేదు, దీవికి అవతలి వైపు ఉంది. సంగతి విడమరచి చెబితే ఫెర్రీని ఉదయానికి మార్చారు, అదనంగా ఒక్క రూపాయి అడగలేదు. దాని ఫలితంగా శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన ఆ తీరాన్నీ, దాని వెనుక నిలువునా లేచిన మహావృక్షాలనూ తీరిగ్గా చూడగలిగాము.

ఆటుపోట్ల విషయంలో అలా ముందుగా దిద్దించే అవకాశం దొరకలేదు. షహీద్ ద్వీప్‌లో లక్ష్మణ్‌పూర్ తీరాన ఉన్న సహజ శిలాతోరణాన్ని సముద్రం వెనక్కి తగ్గినప్పుడే నడిచి వెళ్లి చూడాలి. ప్లాన్ ప్రకారం మేము ఉదయం వెళ్లేసరికి నడవాల్సిన రాళ్లన్నీ నీళ్ల కింద ఉన్నాయి. అక్కడి డ్రైవర్ మంచివాడు కావడంతో, మధ్యాహ్నం వేరే చోటు మానేసి మళ్లీ అక్కడికే తీసుకువెళ్లాడు. అప్పుడు రాళ్ల మధ్య నిలిచిన మోకాటి లోతు మడుగుల్లో ఒక లోకమే కనిపించింది: నల్లని గొట్టాల్లా కదలకుండా పడి ఉన్న సముద్ర దోసకాయలు, నీడ పడగానే మూసుకునే నీలి అంచుల పెద్ద ఆల్చిప్ప, పగడపు కొమ్మ చాటున నక్కిన గోరంత పీత. ప్యాకేజీ మొత్తానికి మాకు దక్కిన మేలైన గంట అదే, ప్లాన్‌లో లేనిదీ అదే. నిజానికి అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సముద్రం ఎక్కువ దూరం వెనక్కి పోతుంది. చీకటి రాత్రుల్లో కయాక్ వేసుకుని నీళ్లలో సూక్ష్మజీవుల వల్ల మిణుకుమనే వెలుగు చూడాలన్నా అమావాస్య రోజులే అనువు. ఆ ఆఫీసు గోడకు తిథులతో సహా పంచాంగం క్యాలెండర్ వేలాడుతూనే ఉంది. తేదీలు వేసేటప్పుడు ఒకసారి అటు తల తిప్పితే సరిపోయేది.

నాకు ఎక్కువ బాధ కలిగించింది బారాటాంగ్ దీవి ప్రస్తావన. మడ అడవుల నడుమ పడవ ప్రయాణం, సున్నపురాతి గుహలు, బురద అగ్నిపర్వతం నిజంగానే చూడదగినవి. కానీ రోడ్డు మార్గం జార్వా తెగవారి రక్షిత ప్రాంతం గుండా పోతుంది. వాహనాలు కాన్వాయ్‌గా మాత్రమే వెళ్లాలి, దారిలో ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. ఆ తెగల రక్షణ నిబంధన 1956 నాటిది. ఇంత ఉండగా కౌంటర్ అబ్బాయి, "అదృష్టముంటే జార్వాలు కూడా కనపడతారు సార్" అని ఊరించాడు. మనుషులను చూపించే వస్తువులుగా అమ్మే ప్రయాణం మాకు వద్దని ఆ రోజును తీసేయించాము. డబ్బు తగ్గించలేదు గానీ బదులుగా వండూర్ తీరాన్నీ, పక్షులకు పేరొందిన చిడియా టాపునూ చేర్చారు.

వండూర్ నుంచి వెళ్లే మహాత్మా గాంధీ మెరైన్ జాతీయ పార్కును 1983లో ఏర్పాటు చేశారు. అందులో జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులను ఏడాదిలో వంతులవారీగా తెరుస్తారు. అక్కడికి ప్లాస్టిక్ తీసుకువెళ్లనివ్వరు. ఆఫీసు వారు మాకు అభిమానంగా ఇచ్చిన సంచిలో మాత్రం ప్లాస్టిక్ నీళ్ల సీసాలు, బిస్కెట్ పొట్లాలు ఉన్నాయి! అవన్నీ ఇవతలే ఉండిపోయాయి. గాజు అడుగు పడవలోంచి చూసినప్పుడు సజీవమైన పగడాల పక్కనే పాలిపోయిన దిబ్బలు కూడా కనిపిస్తాయి. 2010లో సముద్రపు వేడికి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి. తీరంలో రాలిన పగడపు ముక్కను తీసుకురావడం కూడా వన్యప్రాణి చట్టం కింద నేరమన్న సంగతి ఓచర్ వెనుక ఒక్క వాక్యం రాస్తే బాగుండేది.

చిడియా టాపులో లోపించింది చెట్ల గురించి, పక్షుల గురించి చెప్పేవాడు. అండమాన్ రాష్ట్ర వృక్షంగా పేరొందిన పడౌక్, మన పాలకొండల ఎర్రచందనం ఒకే ప్రజాతికి చెందినవి. లంకమల అడవిలో 1986లో మళ్లీ కనిపించిన కలివికోడి అనే అరుదైన పక్షి కథ తెలిసిన కడపవాడికి ఇలాంటి చుట్టరికం వింటే ప్రాణం లేచివస్తుంది. ఒళ్లంతా నల్లగా, నెత్తి ఎర్రగా ఉండే అండమాన్ వడ్రంగి పిట్టను మా అబ్బాయే గుర్తుపట్టాడు. డ్రైవర్‌కు దారి తెలుసు, పక్షులు తెలియవు. పక్షుల గైడ్‌ను విడిగా అడిగి రాయించుకోవడం మంచిది; హోటల్లో ఒక నక్షత్రం తగ్గించుకున్నా నష్టం లేదు.

ఐదుకు మూడు మార్కులు ఇస్తున్నాను. జీఎస్టీ 5 శాతంతో సరైన బిల్లు ఇచ్చారు, ఫోన్ చేసిన ప్రతిసారీ ఎత్తారు. అయితే మేము అక్కడ కూర్చుని ఉండగానే వేరొకరికి జులై నెలకు సగం ధర ప్యాకేజీ అమ్ముతూ వాన మాట ఎత్తలేదు. మన జిల్లాలో ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడితే అదే గొప్ప; రెండు రుతుపవనాలూ తడిపే ఆ దీవుల్లో దాదాపు 3,000 మిల్లీమీటర్లు కురుస్తుంది, నైరుతి ఉద్ధృతంగా ఉన్నప్పుడు ఫెర్రీలు ఆగిపోతాయి, నీటి అడుగున ఏమీ కనిపించదు. ఫెర్రీ రద్దయి ఒక రాత్రి అదనంగా ఉండాల్సి వస్తే ఖర్చు ఎవరిదని నేను అడిగితే, "అట్లాంటిదేం జరగదు సార్" అన్నారు తప్ప కాగితం మీద పెట్టలేదు. ఆ ఒక్క షరతు రాతపూర్వకంగా చేతికి వచ్చిన తరువాతే అడ్వాన్స్ కట్టండి.