యాళి ముఖం కిట్: మట్టి బాగుంది, కరపత్రం బాగోలేదు

యాళి అంటే గుడి స్తంభాల మీద చెక్కే, సింహం, ఏనుగు పోలికలు కలిసిన కల్పిత మృగం. దాని ముఖాన్ని మాస్కుగా చేసుకునే ఈ కిట్ పెట్టెలో గాలికి ఆరే తెల్లమట్టి అరకిలో, అట్టముఖం ఒకటి, ఆరు పోస్టర్ రంగులు, రెండు బ్రష్షులు ఉంటాయి. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు సరిపోతుంది. ఉబ్బిన గుడ్లు, తెరిచిన నోరు, ఏనుగు తొండం... హంపి విఠలాలయం స్తంభాల మీది యాళి పోలిక ఎక్కడా చెడలేదు. అలాంటిదాన్ని కరపత్రంలో 'డ్రాగన్' అనడం మాత్రం అస్సలు బాగోలేదు.

అసలు చిక్కు తొండం దగ్గరే. ఒకే ముద్దగా చేసి అతికించమన్నారు. అలా చేస్తే పగులుతుంది: పైపొర ఆరి కుంచించుకుంటుంది, లోపల ఇంకా తడే. పాత న్యూస్‌పేపర్‌ను చిటికెన వేలంత లావున చుట్టి, టేపుతో బిగించి, దానిమీద 4 మిల్లీమీటర్ల మందాన మట్టి పరవండి. అట్టకు ఫెవికాల్ రాసి అతికించాలి. వట్టి నీళ్లతో అంటిస్తే ఆరాక తొండం ఊడి చేతికొస్తుంది.

ఫ్యాను కింద పెట్టొద్దు. నీడలో 24 గంటలు ఆరనిచ్చి, తిరగేసి మరో 24 గంటలు ఉంచండి. తాకితే చల్లగా తగిలిందంటే ఇంకా ఆరలేదన్నమాట. సన్న పగుళ్లు వస్తే అదే మట్టిని నీళ్లలో పెరుగంత చిక్కగా కలిపి వేలితో పూస్తే సరి.

రంగుల్లో ఎరుపు, నలుపు చిక్కగా ఉన్నాయి. పసుపు పలచన, అట్ట మీద మురికిగా కనిపిస్తుంది. ముందు ఒక పూత తెలుపు వేయాలి. బ్రష్షుల వెంట్రుకలు ఊడుతున్నాయి. కనురెప్పల గీతలకు 2వ నంబరు గుండ్రటి బ్రష్ విడిగా కొనుక్కోవాల్సిందే.

దారం కట్టే రంధ్రాలు మట్టి పెట్టకముందే పొడవండి. ఆరాక పొడిస్తే అంచు పెచ్చులూడుతుంది.