మా కాలనీ పశువైద్య క్లినిక్: చుక్కితో రెండేళ్ల అనుభవం

మేముండేది హైదరాబాద్‌లో, వనస్థలిపురం వైపు ఒక అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో. చుక్కి వీధిలో దొరికిన కుక్కపిల్ల. నుదుటి మీద తెల్ల మచ్చ ఉందని మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. అప్పటి నుంచీ టీకాలకైనా, ఒంట్లో బాగా లేకపోయినా పాల బూత్ పక్కనున్న చిన్న క్లినిక్‌కే వెళ్తున్నాం. రెండు గదులు, ఒక డాక్టరమ్మ, ఒక కాంపౌండర్. అంతే.

డాక్టరమ్మ టీకా వేసే పద్ధతి నాకు చాలా నచ్చింది. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి ముందు మన చేతికే ఇస్తుంది. "ఎక్స్‌పైరీ డేట్ మీరే చదవండమ్మా" అంటుంది. చదివాకే సిరంజిలోకి ఎక్కిస్తుంది. తర్వాత సీసా మీది స్టిక్కర్‌ను గోటితో మెల్లగా ఊడదీసి చుక్కి పుస్తకంలో అతికిస్తుంది. పక్కన తేదీ, మళ్లీ ఎప్పుడు రావాలో, సంతకం, తన పశువైద్య కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న ముద్ర. రేబిస్ టీకాకు నా దగ్గర మూడు వందలు తీసుకున్నారు. ఆ పుస్తకం విలువ నాకు తర్వాత గానీ తెలిసిరాలేదు.

పోయిన వేసవిలో చుక్కికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. సరిగ్గా ఆ వారమే మా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టింది: కుక్కలను లిఫ్టులో ఎక్కించకూడదు, నెలాఖరులోగా ఇళ్లలోంచి పంపించేయాలి. కుట్లు ఆరని పద్దెనిమిది కిలోల కుక్కను దుప్పట్లో పడుకోబెట్టి, నేనూ వాచ్‌మన్ చెరో వైపు పట్టుకుని నాలుగంతస్తులు ఎక్కాం. ప్రతి మలుపులోనూ అది మూలిగేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కుట్లు చూపించడానికి వెళ్లినప్పుడు ఈ విషయం చెప్తే డాక్టరమ్మ సొరుగులోంచి ఒక ప్రింటవుట్ తీసింది. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు. మెజారిటీ ఓటు వేసినా సరే, పెంపుడు జంతువులు ఉండకూడదని అసోసియేషన్ నిషేధించడానికి వీల్లేదని అందులో ఉంది. లిఫ్టు వాడొద్దని అనకూడదన్న చోట ఎర్ర పెన్నుతో గీత గీసి ఇచ్చింది. నేను సంతోషంగా లేవబోతుంటే ఆపింది. "ఇది చూపించే ముందు మీ కాగితాలు సరిగ్గా ఉండాలి కదమ్మా. జీహెచ్‌ఎంసీ లైసెన్స్ తీసుకున్నారా?"

తీసుకోలేదు. వీధి కుక్కను తెచ్చుకుంటే లైసెన్స్ అక్కర్లేదనుకున్నాం. ఇంట్లో పెంచుకుంటే ఏ జాతి కుక్కకైనా తీసుకోవాలని, ఏటా రెన్యువల్ చేయించాలని, టీకా సర్టిఫికెట్ లేకపోతే ఇవ్వరని వివరంగా చెప్పింది. 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం టీకాలు, నులిపురుగుల మందు, ఆపరేషన్ యజమాని బాధ్యతేనని కూడా చెప్పింది. అప్పటికప్పుడే సర్టిఫికెట్ రాసిచ్చింది, దానికి వేరే డబ్బు తీసుకోలేదు. ఇంజెక్షన్ వేసి పంపేసే చోట్లు బోలెడున్నాయి. మన తప్పు మన ముఖం మీదే చెప్పి, దాన్ని సరిదిద్దుకునే దారి చూపించేవాళ్లు ఎంతమంది?

లైసెన్స్ చేతికొచ్చాక మార్గదర్శకాలు, టీకా పుస్తకం, లైసెన్స్ మూడూ జిరాక్స్ తీసి సెక్రటరీ గారికి ఇచ్చాం. గొలుసు లేకుండా తిప్పబోమని, ఎక్కడ పాడు చేసినా మేమే శుభ్రం చేస్తామని రాసిచ్చాం. ఆయన పూర్తిగా చదివి, "పిల్లలు భయపడుతున్నారని చెప్పిందే గానీ మీ మీద కోపం లేదమ్మా" అన్నారు. భయపడే పిల్లలున్న మాట నిజమే. అందుకే లిఫ్టులో ఎవరైనా ఉంటే మేం తర్వాతి దాంట్లో వెళ్తున్నాం.

ఇంకోసారి మా పక్క కుర్చీలో ఒక పెద్దాయన రామచిలుకను పంజరంలో పెట్టుకుని వచ్చారు, ఈకలు రాలుతున్నాయని. డాక్టరమ్మ దాన్ని చూసి మందు ఇచ్చింది. ఇచ్చాక, "బాబాయ్ గారూ, 1972 వన్యప్రాణి చట్టం కింద వీటిని ఇంట్లో పెంచకూడదు. అటవీ శాఖ వాళ్లకు అప్పగించండి" అని నెమ్మదిగా చెప్పింది. ఆయన చిన్నబుచ్చుకున్నారు, ముందు తెలిసుంటే కొనేవాడినే కాదన్నారు.

లోపాలూ ఉన్నాయి. కూర్చునే చోటు బాగా ఇరుకు. పిల్లులకూ కుక్కలకూ వేరే జాగా లేదు. పిల్లి బుట్ట కనిపిస్తే చుక్కిని పట్టుకోవడం నా వల్ల కాదు. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ ఎత్తరు. టీకా గడువు దగ్గర పడిందని మెసేజ్ పంపే ఏర్పాటు లేదు. దానివల్ల ఈ ఏడాది ఇరవై రోజులు ఆలస్యం చేశాం, నాకు ఒకటే టెన్షన్. ఈ ఒక్కటి మాత్రం వాళ్లు వెంటనే మార్చుకోవాలి.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్లండి. ఆ రోజు జూనోసిస్ డే, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి జరిపే రోజు కాబట్టి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఈ సంగతి కూడా డాక్టరమ్మే చెప్పింది, తన క్లినిక్‌కు వచ్చే ఆదాయం పోతుందని చూసుకోలేదు. ఈ క్లినిక్‌కే వెళ్లేటట్లయితే సాయంత్రం ఐదున్నరకల్లా చేరుకోండి, ఆరు దాటితే గంట పైనే కూర్చోవాలి. టీకా పుస్తకం మర్చిపోవద్దు.