చర్చి స్కూలా, కౌన్సిల్ స్కూలా? ఇంగ్లాండ్‌లో మన పిల్లలకు ఏది మేలు?

నవంబరు దాటిందంటే ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. జనవరి 15 లోపు, నాలుగేళ్లు నిండిన పిల్లలు చేరే రిసెప్షన్ క్లాసుకి అప్లికేషన్ పెట్టాలి. ఇంటికి దగ్గర్లో చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్ ప్రైమరీ ఒకటి, కౌన్సిల్ కింద నడిచే కమ్యూనిటీ స్కూలు ఒకటి ఉంటాయి. చర్చి స్కూల్లో క్రమశిక్షణ బాగుంటుందంటారు. కానీ రోజూ ప్రార్థన ఉంటుందట, చిన్నపిల్లలు కదా, దేన్ని పడితే దాన్ని నమ్మేస్తారేమోనని టెన్షన్. నేను హిందువుని. ఒక చర్చి ప్రైమరీలో టీచింగ్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను, రోజూ ఆ ప్రార్థనలో పిల్లల పక్కనే కూర్చుంటాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా: ప్రార్థనను బాగా నడిపే చర్చి స్కూలు దొరికితే అదే మేలు. నడపడం చేతకాని చర్చి స్కూలు కంటే మంచి కమ్యూనిటీ స్కూలు మేలు.

ముందు ఒక అపోహ తీసేయాలి. ప్రార్థన చర్చి స్కూళ్లకే పరిమితం అనుకుంటారు మనవాళ్లు. కాదు. 1944 చట్టం నుంచీ ఇక్కడి ప్రభుత్వ నిధులతో నడిచే స్కూళ్లన్నిట్లో రోజూ సామూహిక ప్రార్థన ఉండాలి. కమ్యూనిటీ స్కూళ్లలో అది ప్రధానంగా క్రైస్తవ స్వభావంతో ఉండాలని 1988 చట్టం చెప్పింది. చర్చి స్కూలైతే తన సంప్రదాయం ప్రకారం చేసుకుంటుంది. పిల్లల ఆధ్యాత్మిక ఎదుగుదల చూడాల్సిన బాధ్యత కూడా చట్టప్రకారం రెండింటిదీ.

ఆచరణ వేరు. చాలా కమ్యూనిటీ స్కూళ్లలో ప్రార్థన పేరుకే, జరిగేది అసెంబ్లీ. సోమవారం ఒక విలువ గురించి చెప్తారు, శుక్రవారం సర్టిఫికెట్లు ఇస్తారు, మధ్యలో రోడ్డు భద్రత, బుల్లీయింగ్, దీపావళి, ఈద్. ఇందులో తప్పేమీ లేదు. దీపావళి రోజున మన పాప చీర కట్టుకుని స్టేజీ ఎక్కితే ఆ సంబరమే వేరు. కానీ ఈ అసెంబ్లీల్లో నిశ్శబ్దం దాదాపు ఉండదు. "దయగా ఉండండి" అని చెప్తారు, పిల్లలు చప్పట్లు కొట్టి క్లాసులకి వెళ్లిపోతారు. దయగా ఉండటం ఎందుకంత కష్టమో ఆలోచించుకునే వ్యవధి వాళ్లకి దొరకదు.

చర్చి స్కూల్లో ఏం జరుగుతుందో చెప్తాను. పిల్లలు వరుసగా హాల్లోకి వస్తారు. చిన్నవాళ్లు ముందు నేలమీద, ఆరో ఏడు (ఇయర్ సిక్స్) పెద్దపిల్లలు వెనక బెంచీల మీద. ఒకరు కొవ్వొత్తి వెలిగిస్తారు. "ప్రభువు మీకు తోడుగా ఉండుగాక" అని పెద్దవాళ్లు అంటే పిల్లలు బదులు చెప్తారు. ఒక కథ, ఒక పాట. కొన్నిచోట్ల దగ్గరి చర్చిల వాలంటీర్లు వేషాలు వేసుకొచ్చి బైబిల్ కథను నాటకంలా ఆడతారు. పిల్లలకి అది మహా ఇష్టం. ఆ తర్వాత వచ్చేదే అసలు సంగతి. ప్రార్థన మొదలుపెట్టేముందు మా స్కూల్లో ప్రతిసారీ ఒక మాట చెప్తారు: ఈ ప్రార్థన మీది కూడా అనుకుంటే చివర్లో ఆమెన్ అనండి, లేదంటే ప్రశాంతంగా కూర్చుని మీ ఆలోచనల్లో మీరుండండి. రోజూ చెప్తారు, మర్చిపోకుండా. అనని పిల్లల వైపు ఎవరూ వింతగా చూడరు.

ఇది మా స్కూలు ఒక్కదాని మంచితనం కాదు. ప్రార్థన అందరినీ కలుపుకునేదిగా, ఆహ్వానంలా, స్ఫూర్తినిచ్చేలా ఉండాలని చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్ తన స్కూళ్లకి చెప్పుకుంది. చర్చి స్కూళ్లకి సియామ్స్ అనే తనిఖీ విడిగా ఉంటుంది, ప్రార్థన ఎలా జరుగుతోందో వాళ్లొచ్చి చూస్తారు. స్కూళ్లని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్ ప్రార్థనను అంత వివరంగా చూడదు. అందుకే కమ్యూనిటీ స్కూల్లో ఈ భాగం ఎలా ఉంటుందన్నది చాలావరకు హెడ్‌టీచర్ మీద ఆధారపడుతుంది.

ఒక్క చర్చి స్కూల్లోనే మళ్లీ రెండు రకాల ప్రార్థనలున్నాయి: హాల్లో అందరూ కలిసి చేసేది, క్లాసులో ముప్పైమందే చేసుకునేది. హాలు ప్రార్థనలో ఒక హుందాతనం ఉంటుంది, స్కూలంతా ఒక ఇల్లన్న భావన వస్తుంది. కానీ మనసు ఎదిగేది క్లాసులోనే అని నా నమ్మకం. దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషిని ఇద్దరు చూసీ దాటిపోతే, పరాయివాడొకడు ఆగి సాయం చేసిన బైబిల్ కథ ఉంది, మంచి సమరయుడి కథ. అది హాల్లో విన్న మర్నాడు రెండో ఏడు (ఇయర్ టూ) క్లాసులో దాని గురించే మాట్లాడుతున్నాం. ఒక బాబు లేచి, "ఆయనకి రక్తం కారుతోంది కదా, నాకైతే భయమేస్తుంది, నేనూ పక్కనుంచి వెళ్లిపోతానేమో" అన్నాడు. టీచర్ "అలా అనకూడదు" అనలేదు. "భయమేసినప్పుడు కూడా సాయం చెయ్యాలంటే ఏం చెయ్యొచ్చు?" అని అందరినీ అడిగారు. పరిగెత్తి పెద్దవాళ్లని పిలుచుకొస్తానంది ఒక పాప. ఆ బాబు చాలాసేపు ఏదో ఆలోచిస్తూ కూర్చున్నాడు. రెండొందలమంది ముందు ఆ మాట వాడు అనగలిగేవాడా? వారమంతా హాల్లోనే చేసే స్కూలు కంటే, వారంలో రెండు మూడు రోజులు క్లాసుకి వదిలే స్కూలునే నేను ఎంచుకుంటాను.

చాలా చర్చి స్కూళ్లు ఆధ్యాత్మిక ఎదుగుదలను కిటికీలు, అద్దాలు, తలుపులు అనే మూడు మాటల్లో పిల్లలకి చెప్తాయి. కిటికీలోంచి లోకాన్ని చూసి ఆశ్చర్యపోవడం, అద్దంలో తనని తాను చూసుకోవడం, తలుపు తీసుకుని బయటికెళ్లి ఏదైనా చెయ్యడం. హార్వెస్ట్ అనే పంటల పండగకి పిల్లలు ఇళ్లనుంచి తిండి డబ్బాలు తెచ్చి, లేనివాళ్లకి సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకుకి ఇస్తారు చూడండి, అది తలుపు. ఇందులో మన ఇంట్లో చెప్పేదానికి అడ్డొచ్చేది నాకైతే ఏమీ కనపడలేదు.

క్యాథలిక్ స్కూలు సంగతి వేరు. అక్కడ ప్రార్థన రోజులో ఒక కార్యక్రమంగా ఉండదు, రోజంతా అల్లుకుని ఉంటుంది: పొద్దున, భోజనం ముందు, ఇంటికెళ్లేముందు, దానిపైన మాస్ అనే చర్చి ఆరాధన. మన క్యాథలిక్ తెలుగు కుటుంబాలకి అదే సరైన చోటు. మిగతావాళ్లు అన్నీ తెలుసుకుని, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే వెళ్లాలి.

మనవాళ్లు అడిగే ఇంకో దారి ఉంది: చర్చి స్కూల్లో చేర్పించి, ప్రార్థన నుంచి మాత్రం తప్పించడం. 1998 చట్టంలో ఆ హక్కు ఉంది. కారణం కూడా చెప్పక్కర్లేదు, కొన్నింటి నుంచి మాత్రమే తప్పించమనీ అడగొచ్చు. ఆ హక్కును గౌరవిస్తాను, కానీ పూర్తిగా తప్పించడం నాకు నచ్చదు. ఆ సమయంలో పిల్లవాడు లైబ్రరీలో ఎవరో ఒక పెద్దమనిషి పక్కన బొమ్మలకి రంగులేస్తూ ఉంటాడు. తన స్నేహితుడికి సర్టిఫికెట్ ఇచ్చింది చూడడు, క్లాసు మొత్తం పాడే పాట వాడికి రాదు. ఐదేళ్ల పిల్లాడికి అదొక వెలితి. మరీ ఇబ్బందిగా అనిపిస్తే చర్చిలో జరిగే ఆరాధనల వరకు తప్పించండి, రోజువారీదానికి ఉండనివ్వండి.

చర్చి స్కూలంటే చర్చికి వెళ్లేవాళ్లకే అనుకోవడమూ సరికాదు. ఇంగ్లాండ్ ప్రైమరీల్లో దాదాపు నాలుగో వంతు చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్‌వే, చాలా పల్లెల్లో ఉన్న ఒక్క స్కూలూ అదే. పేదపిల్లలకి చదువు చెప్పడానికి 1811లో పెట్టిన నేషనల్ సొసైటీ నుంచి వచ్చినవి ఇవి. వాళ్లు అనుసరించిన బోధనా పద్ధతి ఆండ్రూ బెల్ మన మద్రాసులో, ఎగ్మోరు అనాథ బాలుర ఆశ్రమంలో రూపుదిద్దింది. ఇసుకలో అక్షరాలు దిద్దుతున్న మన వీధిబడి పిల్లల్ని చూసి ఆయనకి ఆ ఆలోచన వచ్చింది. అడ్మిషన్ల మాటకొస్తే, కౌన్సిల్ అజమాయిషీ ఎక్కువుండే వాలంటరీ కంట్రోల్డ్ చర్చి స్కూల్లో సీట్లు మామూలుగా కౌన్సిలే ఇస్తుంది. చర్చి అజమాయిషీ ఎక్కువుండే వాలంటరీ ఎయిడెడ్ అయితే రూల్స్ స్కూలువే, చర్చికి వెళ్తున్నట్టు ఫారం అడగొచ్చు. సీటు కోసమని రెండేళ్లు చర్చిలో కూర్చునే నాటకం మాత్రం దయచేసి వద్దు. పిల్లలు అన్నీ గమనిస్తారు.

స్కూలు చూడ్డానికి వెళ్లినప్పుడు ప్రార్థన సమయానికి రానివ్వమని అడగండి. ఆమెన్ అనకుండా ఉండే స్వేచ్ఛ గురించి పిల్లలకి పైకి చెప్తున్నారా? కథ అయ్యాక ఒక్క నిమిషమైనా నిశ్శబ్దం ఉందా? పిల్లల ప్రశ్నలకి చోటుందా, లేక అన్నిటికీ జవాబులు ముందే రాసిపెట్టుకున్నారా? సియామ్స్ రిపోర్టు నెట్‌లో దొరుకుతుంది, ప్రార్థన గురించి రాసిన భాగం చదవండి. ఇవన్నీ బాగుంటే నిశ్చింతగా చేర్పించండి. ఇంట్లో పెద్దవాళ్లకి మాత్రం ఇది అస్సలు నచ్చక, స్కూల్లో విన్న ప్రతి కథకీ సాయంత్రం ఇంట్లో గొడవ అయ్యే పరిస్థితి ఉంటే, ఆ పిల్లవాడికి కమ్యూనిటీ స్కూలే మంచిది.