వీల్‌చైర్‌లోంచి మనిషిని లేపడానికి ఏది మేలు: గ్యాస్ స్ప్రింగా, చేతి జాక్కా, మోటారా?

కూర్చున్న మనిషిని లేపాలంటే ఇంట్లో చూసుకునేవాళ్లు ముందు చేసే పని చంకల కింద చేతులు పెట్టి ఒక్క ఊపున లాగడం. పక్షవాతం వచ్చిన భుజాన్ని అలా లాగితే కీలు జారే ప్రమాదం ఉంది. లేపేవాళ్ల నడుము సంగతి సరేసరి. పనిచేసేచోట భద్రత మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్‌కు చెందిన థామస్ వాటర్స్ 2007లో ఒక లెక్క చెప్పారు. అన్నీ అనుకూలంగా ఉన్నా సరే, రోగిని లేపేటప్పుడు ఒకరి మీద 35 పౌండ్లకు, అంటే సుమారు 16 కిలోలకు మించి బరువు పడకూడదు. 70 కిలోల మనిషిలో అది నాలుగో వంతు కూడా కాదు.

మా నాన్న వీల్‌చైర్‌కి, పైకి లేస్తూ ముందుకు వంగే సీటు అమరుద్దామని నేనూ, వెల్డింగ్ తెలిసిన మా బావా కూర్చున్నప్పుడు మా ముందు మూడు దారులున్నాయి.

మొదటిది గ్యాస్ స్ప్రింగ్. కారు డిక్కీ తలుపుని లేపి పట్టుకునే రాడ్డు లాంటిదే. కరెంటు వద్దు, చప్పుడు లేదు, బరువూ తక్కువ. చిక్కల్లా దాని బలం ముందే ఖాయమైపోవడం. 70 కిలోలకు సరిపెట్టిన స్ప్రింగు మీద 45 కిలోల మనిషి కూర్చుంటే ఎగరేసినంత పని చేస్తుంది, 90 కిలోల మనిషైతే కదలనే కదలదు. పైగా లోపలున్నది వాయువు కాబట్టి 20 డిగ్రీల వేడి పెరిగితే బలం సుమారు 7 శాతం పెరుగుతుంది. ఒక్కరే వాడే కుర్చీ, ఆ మనిషి కాళ్లలో ఇంకా కాస్త సత్తువ ఉంది, కొంచెం ఊతం చాలు అనుకుంటే మాత్రం నేను దీన్నే తీసుకుంటాను.

రెండోది చేతితో పంపు కొడితే నూనె ఒత్తిడితో లేపే హైడ్రాలిక్ జాక్. బరువు ఎంతున్నా లేపుతుంది. కానీ ఒక చెయ్యి పంపు మీదుంటే మనిషిని పట్టుకోవడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది. దించేటప్పుడు ఇంకా గాభరా. వాల్వు కాస్త ఎక్కువ తిప్పామా, సీటు దబ్బున దిగిపోతుంది. ఇసుక మూటతో రెండుసార్లు చూశాక మా బావే దాన్ని పక్కన పెట్టేశాడు.

మూడోది బ్యాటరీతో నడిచే మోటారు, అది తిప్పితే సీటుని పైకి నెట్టే లీడ్ స్క్రూ అనే మరల కడ్డీ. 70 కిలోలను 40 సెంటీమీటర్లు లేపడానికి పట్టే శక్తి 275 జూల్స్ మాత్రమే. 20 సెకన్లలో లేపితే 14 వాట్లు, ఒక ఎల్‌ఈడీ బల్బు తినేంత. స్క్రూ రాపిడిలో సగానికి పైగా వృథా అవుతుంది కాబట్టి మోటారు అంతకు రెండు మూడింతలు ఉండాలి. ఆ వృథా చూసి నేను మొదట గొణిగాను గానీ, కరెంటు పోయినా సీటు ఉన్నచోటే ఆగేది ఆ రాపిడి వల్లే. మరల్లో గుండ్లు దొర్లడం వల్ల అంత రాపిడి లేని బాల్ స్క్రూ అయితే దానికి విడిగా బ్రేకు పెట్టాల్సిందే. మోటారుతో కుర్చీ బరువెక్కుతుంది, ఛార్జింగ్ మరిచిపోతే టెన్షన్. అయినా నా ఓటు దీనికే. ఎత్తడం మూడూ చేస్తాయి, మెల్లగా దించడం, నడిమధ్యలో ఆపడం నమ్మకంగా చేసేది ఇదొక్కటే.

అయితే మమ్మల్ని నిజంగా ముప్పుతిప్పలు పెట్టింది మోటారు కాదు, చక్రాలు. 60 కిలోల ఇసుక మూటలు సీటుకి కట్టి, బ్రేకులు వేసి, స్విచ్ నొక్కాం. సీటు సగం లేచేసరికి కుర్చీ మొత్తం నెమ్మదిగా వెనక్కి జారడం మొదలెట్టింది. బ్రేకులుండేది వెనక చక్రాలకి. సీటు ముందుకు వంగేకొద్దీ బరువంతా ముందరి చిన్న చక్రాల మీదికి వస్తుంది, వెనక చక్రాలకు నేల మీద పట్టు పోతుంది. బ్రేకు ఎంత బిగించి ఏం లాభం? సీటు లేచే ముందే నేలకు ఆనే రెండు రబ్బరు కాళ్లు ముందువైపు వెల్డింగ్ చేస్తే గానీ అది కుదురుకోలేదు.

ఇసుక మూట ఇంకో రకంగానూ మోసం చేస్తుంది. అది భయపడదు, పక్కకు ఒరగదు, ఫుట్‌రెస్ట్ మీద కాలు మోపి లేవబోదు. వీల్‌చైర్లకున్న అంతర్జాతీయ ప్రమాణాలు ఐఎస్ఓ 7176లో, మనిషి బదులు కూర్చోబెట్టే పరీక్ష బొమ్మల కోసమే ఒక భాగం కేటాయించారంటే ఊరికే కాదు. మూటల తర్వాత నేను కూర్చున్నాను, ఒక పక్కకి ఒరిగి మరీ చూశాను. సీటు కింద వేళ్లు నలిగే సందు ఒకటి అప్పుడే దొరికింది.

కాళ్ల మీద బరువు అసలు మోపలేనివాళ్లకు ఈ మూడూ పనికిరావు. వాళ్లకు గుడ్డ ఉయ్యాలలా మోసే స్లింగ్ హాయిస్టే గతి, అది వేరే యంత్రం.

నాన్న కూర్చున్న రోజు స్విచ్ నా చేతిలోనే ఉంది. సగం లేచాక ఆయన కళ్లు మూసుకుని "ఆగరా" అన్నారు. చాలాసేపు కూర్చుని లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. నేను వేలు తీసేలోపు సీటు ఇంకో రెండు అంగుళాలు లేచింది. మర్నాడు వైరు పొడుగు చేసి స్విచ్ ఆయన కుడిచేతి దగ్గర బిగించాం. ఇప్పుడు ఆయనే సగంలో ఆపుకుని, కాసేపు ఊపిరి తీసుకుని, మళ్లీ నొక్కుకుంటున్నారు.