రేకు డక్టా, ఫ్లెక్సిబుల్ డక్టా: ఇంటి ఏసీకి ఏది మేలు?

తిరుపతిలో తిరుచానూరు రోడ్డు, కరకంబాడి రోడ్డు వైపు కొత్తగా ఇళ్ళు కట్టుకుంటున్నవారిలో కొందరు గదికొక స్ప్లిట్ ఏసీ బదులు ఫాల్స్ సీలింగ్ పైన ఒకే ఇండోర్ యూనిట్ అమర్చి, అక్కడి నుంచి గదులన్నిటికీ డక్టులు, అంటే చల్లగాలిని మోసే గొట్టాలు, వేయించుకుంటున్నారు. యూనిట్ ఎన్ని టన్నులు ఉండాలన్నది వారు ముందే తేల్చుకుని వస్తారు. ఆ తరువాత అడిగే ప్రశ్న మాత్రం దాదాపు ఒక్కటే: జీఐ (జింకు పూత వేసిన ఇనుప) రేకు డక్టు మేలా, పురి తిరిగిన తీగ చుట్టూ ఇన్సులేషన్‌తో వచ్చే ఫ్లెక్సిబుల్ డక్టు మేలా?

ధర, పని వేగం మాత్రమే చూస్తే ఫ్లెక్సిబుల్ డక్టుదే పైచేయి. బీముల మధ్య ఎటు కావాలంటే అటు వంగుతుంది, బ్లోయర్ (యూనిట్‌లో గాలిని నెట్టే ఫ్యాను) శబ్దాన్ని కొంత మింగేస్తుంది, పైగా ఇన్సులేషన్, తేమను ఆపే పై పొర రెండూ కర్మాగారంలోనే అమర్చి వస్తాయి. ఈ చివరి గుణం మన ప్రాంతంలో చిన్నదేమీ కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వల్ల గాలిలో తేమ పెరుగుతుంది. ఆ రోజుల్లో ఏసీ నడిస్తే, రేకు డక్టు మీద నైట్రైల్ రబ్బరు షీటు అతికించేటప్పుడు మూలల్లోనో అంచుల దగ్గరో వదిలేసిన సందుల్లో నీటి బొట్లు పట్టి జిప్సం బోర్డు మీద మరకలు తేలుతాయి. రేకు డక్టు పెట్టించుకునేవారు ఇన్సులేషన్ అతుకులను తామే ఒకసారి చేత్తో తడిమి చూసుకోవడం మంచిది.

అయినా నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది ధరా కాదు, తేమా కాదు. యూనిట్‌లోని బ్లోయర్ ఎంత ఒత్తిడిని తట్టుకుని గాలిని నెట్టగలదన్నదే తేలుస్తుంది. ఇళ్ళకు వాడే సన్నరకం యూనిట్లలో చాలావాటికి డక్టుల కోసం మిగిలే స్టాటిక్ ప్రెషర్ (గాలిని డక్టుల్లోంచి నెట్టే ఒత్తిడి) 50 పాస్కల్‌కు మించదు, అంటే 5 మిల్లీమీటర్ల నీటిమట్టపు ఒత్తిడి అన్నమాట. ఫిల్టరు మీద దుమ్ము పేరుకునేకొద్దీ అందులోనూ కొంత తరిగిపోతుంది. టన్నుకు సుమారు 400 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) చొప్పున గాలి కదలాల్సిన చోట ఆ కాస్త ఒత్తిడిని దారిలోనే పోగొట్టుకుంటే, చివరి పడకగదికి చల్లదనం చేరదు. గాలిని చల్లబరిచే కాయిల్ మీద గాలి చాలకపోతే మంచు కూడా పట్టవచ్చు.

ఫ్లెక్సిబుల్ డక్టు తిన్నగా, పూర్తిగా లాగి కట్టినప్పుడు పెద్దగా నష్టం చేయదు. కానీ మిగిలిన గొట్టాన్ని కత్తిరించకుండా హార్మోనియం తిత్తిలా నెట్టి వదిలేస్తే లోపలి గోడ మడతలు పడుతుంది. ఓ మోస్తరుగా ముడుచుకున్నా ఒత్తిడి నష్టం నాలుగు రెట్ల వరకు పెరగగలదని అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల కొలతల్లో తేలింది. ఊతాల మధ్య దూరంలో అడుగుకు అర అంగుళం కంటే ఎక్కువ కిందికి వేలాడరాదని, వంపు వ్యాసార్థం గొట్టం వ్యాసం కంటే తగ్గరాదని నియమాలున్నాయి. సీలింగ్ మూసేశాక వాటిని పాటించారో లేదో ఎవరు చూస్తారు? రేకు డక్టుకు ఈ బెడద లేదు. ఒకసారి కొలతతో మడిచి బిగిస్తే పదేళ్ళ తరువాతా అదే ఆకారంలో ఉంటుంది, ఎలుకలు కొరికినా పైనున్న ఇన్సులేషనే పోతుంది.

ఎత్తు కలిసొస్తుందని ఫ్లెక్సిబుల్ వైపు మొగ్గేవారూ ఉన్నారు. అది పూర్తిగా నిజం కాదు. 8 అంగుళాల గొట్టం ఇన్సులేషన్‌తో కలిపి దాదాపు 10 అంగుళాలవుతుంది. రేకునైతే 6 అంగుళాల లోతుతో వెడల్పుగా మడిపించి బీము కిందుగా తీసుకుపోవచ్చు. వెడల్పు మాత్రం లోతుకు నాలుగు రెట్లు దాటకూడదు.

కనుక ప్రధాన మార్గం రేకుతో వేసి, దాని నుంచి గదిలోకి గాలి వచ్చే గ్రిల్లు దాకా ఉండే చివరి నాలుగైదు అడుగులు మాత్రమే ఫ్లెక్సిబుల్ వాడమనే నేను చెబుతాను. యూనిట్ నోటికీ రేకుకూ మధ్య కాన్వాస్ గుడ్డతో చేసిన కాలరు (జోడింపు ముక్క) ఉంటే కంపనం గదుల్లోకి రాదు. ఆ తరువాతి ముక్క కొంత దూరం తిన్నగా సాగాలి, బ్లోయర్ ఎదుటే మోచేతి వంపు పెట్టకూడదు. ఫ్లెక్సిబుల్ కలిసే చోట లోపలి గొట్టాన్ని రేకు డక్టుకున్న కాలరు మీదికి కనీసం అంగుళం ఎక్కించి, టేపు చుట్టి, క్లాంపు బిగించి, ఆ పైన ఇన్సులేషన్‌నూ పై పొరనూ లాగి మూయాలి. గుడ్డ టేపు మన వేసవి వేడికి ఎండి ఊడిపోతుంది, అల్యూమినియం ఫాయిల్ టేపే అడగండి.

ముందే ఇన్సులేషన్‌తో వచ్చే పీఐఆర్ (ఒక రకం గట్టి ఫోమ్) ప్యానెల్ డక్టు కూడా ఉంది. అది తేలిక, శుభ్రం. దాన్ని కోసి అతికించడం తెలిసిన పనివారు దొరికితేనే తీసుకోవచ్చు. యూనిట్‌ను కారిడార్‌లో పెట్టి పక్కనున్న ఒక్క గదికే గాలి ఇచ్చే అపార్ట్‌మెంట్లలో మాత్రం ఈ చర్చే అక్కర్లేదు, అంత దగ్గరి దూరానికి ఫ్లెక్సిబుల్ చాలు. ఏది వేయించినా, జిప్సం బోర్డులు బిగించకముందే యూనిట్‌ను నడిపించి, ప్రతి గ్రిల్లు దగ్గరా ఎనిమోమీటరుతో గాలి వేగం కొలిపించి, ఆ అంకెలు కాగితం మీద రాయించుకున్న తరువాతే మిగతా డబ్బు చెల్లించండి.